నిలవని ముల్లు

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున, ఎర్రగడ్డ సంతలో ఒక టార్పాలిన్ ముందు గొంతుక్కూర్చుని రెండు మెగ్గర్లలో ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నాను.

ఎర్రగడ్డ ఆదివారం సంత సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామికవాడలు పక్కనే ఉన్నాయి. అక్కడ, ఊళ్ళో మిగతాచోట్ల వాడి పక్కన పడేసిన సామాను చాలా ఇక్కడి ఫుట్‌పాత్ మీదికి వస్తుంది. స్పానర్లు, బేరింగులు, డ్రిల్లింగ్ మిషన్లు, రిమోట్లు, ఒంటి చెప్పులు కూడా. చాలామంది దొంగబజారు అంటారు గానీ, అక్కడ కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది తుక్కు తూకానికి కొని, అందులో పనికొచ్చేవి ఏరి అమ్ముకునేవాళ్ళే.

నేను వెళ్ళింది మా మామ కోసం. మామ వరంగల్ జిల్లాలో టెలిఫోన్ లైన్‌మన్‌గా చేశాడు. 2020 జనవరి 31న, దేశం మొత్తంలో డెబ్బై ఎనిమిది వేలమందికి పైగా బీఎస్‌ఎన్‌ఎల్ ఉద్యోగులు ఒకే రోజు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. వాళ్ళలో మామ ఒకడు. ఆ రోజు సామానంతా ఆఫీసులో అప్పజెప్పి, సంతకం పెట్టి వచ్చాడు. ఇప్పుడు బోడుప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పుట్టినరోజుకి చొక్కాలిస్తే బీరువాలో పెడతాడు. ఈసారి తన చేతికి అలవాటైన వస్తువేదైనా ఇద్దామనుకున్నా.

"సినిమాకా మేడం?" అన్నాడు అమ్మేటాయన. కృష్ణానగర్ నుంచి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి పాత నల్లఫోన్లు తీసుకెళ్తుంటారట. కాదన్నాను. రెండు మెగ్గర్లూ తీసి నా ముందు పెట్టాడు.

మెగ్గర్ అంటే పిడి ఉన్న చిన్న డబ్బా. పిడి తిప్పితే లోపలి డైనమో 500 వోల్టులో, 250 వోల్టులో పుట్టిస్తుంది. తీగ మీది తొడుగు గుండా ఆ కరెంటు ఎంత కారిపోతోందో పైనున్న ముల్లు చూపిస్తుంది. ఆ రెండింట్లో ఒకదాని ముల్లు సున్నా దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. రెండోదాని ముల్లు డబ్బాని ఇటు వంచితే ఇటు, అటు వంచితే అటు జారిపోతోంది.

"అది ఖరాబ్ ఉంది మేడం, కాంటా నిలుస్తలేదు. నాలుగొందలకి ఇస్తా. ఇది తొమ్మిదొందలు, పక్కా" అన్నాడాయన. మోసం చెయ్యాలని కాదు, నిజంగా అలాగే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నా. తొమ్మిది వందలు ఇచ్చి, బుద్ధిగా నిలబడ్డదాన్ని సంచిలో వేసుకుని బోడుప్పల్ వెళ్ళాను.

మామ దాన్ని చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ ఒకసారి వంచి చూశాడు. పిడి తిప్పకుండానే నవ్వాడు.

"సచ్చినదాన్ని తెచ్చినవ్ బిడ్డా. రెండోది ఎట్లుండె?"

చెప్పాను. మామ నవ్వు ఆగిపోయింది. "గదే మంచిది. ముల్లు ఊగాలె. ఊగకపోతెనే అనుమానం."

*

మనకు తెలిసిన మీటర్లలో ముల్లు వెనక సన్నటి స్ప్రింగు ఉంటుంది. కరెంటు ఆగగానే అది ముల్లుని సున్నాకి లాక్కొస్తుంది. చేత్తో తిప్పే మెగ్గర్‌లో ఆ స్ప్రింగు ఉండదు. ఒకే ఇరుసు మీద రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకదాన్ని వోల్టేజీ తిప్పుతుంది, రెండోదాన్ని లైన్లో పారే కరెంటు తిప్పుతుంది. రెండూ ఎదురెదురుగా లాగితే, అవి రాజీపడ్డ చోట ముల్లు ఆగుతుంది. అందుకే పిడి కాస్త వేగంగా తిప్పినా నెమ్మదిగా తిప్పినా లెక్క పెద్దగా మారదు: వోల్టేజీ పెరిగితే రెండు చుట్టలూ సమానంగా బలపడతాయి. పిడి తిప్పనప్పుడు ఆ ముల్లుని ఒకచోట పట్టి ఉంచేది ఏదీ లేదు, ఎక్కడైనా ఉంటుంది. నేను కొన్నదాని ముల్లు సున్నా దగ్గర ఆగడం క్రమశిక్షణ కాదు. ఇరుక్కుపోయింది, అంతే.

ఈ ఏర్పాటు వెనక ఉన్నది లండన్‌కు చెందిన ఎవర్‌షెడ్ అండ్ విగ్నోల్స్ అనే సంస్థ. సిడ్నీ ఎవర్‌షెడ్ 1889 నాటికే మోసుకెళ్ళగలిగే ఇన్సులేషన్ టెస్టర్‌కి పేటెంటు తీసుకున్నాడు. 'మెగ్గర్' అనే పేరు 1903లో ట్రేడ్‌మార్క్ అయింది. బండి కంపెనీ ఏదైనా లూనా అన్నట్టు, తర్వాత ఎవరు తయారుచేసినా అది మెగ్గర్ అయిపోయింది. పరీక్ష పేరు కూడా అదే: "లైను మెగ్గర్ చేశావా?" అంటారు.

టెలిఫోన్ చరిత్ర అంటే మనం ప్రారంభోత్సవాలే చదువుతాం. 1882 జనవరి 28న కలకత్తాలో ఎక్స్‌ఛేంజి తెరిచారు. 1948లో బెంగళూరులో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ మొదలైంది. 1960లో కాన్పూర్-లక్నోల మధ్య మొదటి ఎస్టీడీ. ఇవన్నీ నిజమే. కానీ ఫోనున్న ఇంట్లో పెరిగిన ఎవరినైనా అడగండి, వాళ్ళకి గుర్తుండేది వేరు. ఫోను 'డెడ్' అయింది, 198కి చెప్పాం, లైన్‌మన్ వస్తాడన్నారు, రాలేదు, వచ్చాడు, స్తంభం ఎక్కాడు. మన ఇళ్ళలో టెలిఫోన్ చరిత్ర చాలావరకు ఫాల్టుల చరిత్ర. ఆ చరిత్రకు సాక్ష్యాలు ఉన్నది ఎక్స్‌ఛేంజి శిలాఫలకాల మీద కాదు, ఎర్రగడ్డ టార్పాలిన్ల మీద.

*

తెగిన తీగ ఎక్కడ తెగిందో నడవకుండా తెలుసుకోవడం అనే సమస్య టెలిఫోను కంటే పాతది, టెలిగ్రాఫు నాటిది. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి కేబుల్ కొద్ది వారాలే పనిచేసింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికి దాదాపు 16 గంటలు పట్టింది. సిగ్నల్ బలహీనంగా ఉందని కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ దాదాపు రెండు వేల వోల్టులు ఎక్కించాడు. అప్పటికే లోపాలున్న ఆ కేబుల్ చావును అది తొందరపెట్టింది. లైనుకి ఏమైందో చూడాలంటే, ముందు చూసే పద్ధతి లైనుకి హాని చెయ్యకూడదు అన్న పాఠం అక్కడి నుంచి వచ్చింది.

ఆ తరం వాళ్ళు టెలిగ్రాఫుకి వాడిన సాధనమే వీట్‌స్టన్ బ్రిడ్జి. సూత్రం శామ్యూల్ క్రిస్టీది, 1833 నాటిది. దాన్ని అందరికీ తెలిసేలా చేసింది చార్లెస్ వీట్‌స్టన్, 1843లో. చెక్కపెట్టెలో ఇత్తడి పలకలు, వాటి మధ్య ప్లగ్గులు, పక్కన ఒక గాల్వనోమీటర్. ఇప్పుడది కనిపిస్తే కాలేజీ ఫిజిక్సు ల్యాబు సామాననుకుంటాం. లైన్‌మన్‌కి మాత్రం అది దూరం కొలిచే టేపు.

మామ నాకు నోటుపుస్తకంలో గీసి చూపించాడు. రెండు కిలోమీటర్ల కేబుల్లో ఒక తీగ ఎక్కడో నీళ్ళు తగిలి భూమికి కలిసిపోయింది. దూరపు కొసన దాన్ని ఒక మంచి తీగతో ముడివేస్తే, పోనూ రానూ నాలుగు కిలోమీటర్ల లూపు. బ్రిడ్జి చేతుల్ని సవరిస్తూ పోతే, మూడుకి ఒకటి దగ్గర ముల్లు సున్నాకి వచ్చిందనుకో. అంటే ఫాల్టు లూపుని మూడు వంతులు, ఒక వంతుగా విడగొట్టింది. నాలుగు కిలోమీటర్లలో నాలుగో వంతు ఒక కిలోమీటరు. అక్కడ తవ్వు. దీన్నే ముర్రే లూపు పరీక్ష అంటారు. ఇందులో అందం ఏమిటంటే తీగ నిరోధం ఎన్ని ఓములో విడిగా తెలియనవసరం లేదు, నిష్పత్తి చాలు.

రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే లెక్క ఇంకా తేలిక. అర మిల్లీమీటరు రాగి తీగల జంట కిలోమీటరుకి సుమారు 175 ఓములు చూపుతుంది. 350 వచ్చిందంటే రెండు కిలోమీటర్ల దూరం. అయితే రాగి నిరోధం పది డిగ్రీల వేడికి దాదాపు నాలుగు శాతం పెరుగుతుంది. డిసెంబరుకీ మే నెలకీ తీగ వేడిలో ఇరవై డిగ్రీల తేడా ఉంటే, రెండు కిలోమీటర్ల లెక్క నూటయాభై మీటర్ల పైనే జరుగుతుంది. "ఎండాకాలం లెక్క ఎండాకాలమే వెయ్యాలె, లేకపోతె పక్కోని ఇంటి ముందర తవ్వుతవ్" అన్నాడు మామ.

అలాగే ఎక్స్‌ఛేంజిలోని టెస్ట్ డెస్కు. అక్కడ కూర్చుని లైను మీద మీటరు పెడితే ముల్లు ఒక్కసారి ఎగిరి పడుతుంది. దాన్ని 'కిక్' అంటారు. చందాదారు ఫోనులో గంటకి వరసగా ఉండే కెపాసిటర్ నిండుతున్నప్పటి ఎగురు అది. కిక్ వచ్చిందంటే అవతలి కొసన ఫోను ఉంది. రాకపోతే దారిలో తీగ తెగింది, లేదా ఎవరో ఫోను పీకేశారు. ఊరి అవతల ఒక ఇంట్లో ఫోను ఉందో లేదో ఇక్కడి ముల్లు ఎగురుని బట్టి చెప్పగలిగేవాళ్ళు ఉండేవాళ్ళు. 'డిస్', 'లూప్', 'ఎర్త్', 'లో ఇన్సులేషన్' అని వాళ్ళు రిజిస్టరులో రాసేది నాలుగు మాటలే. కానీ ఆ మాటల్లో ప్రతిదానికీ చేతిలో ఒక అనుభవం ఉండేది.

*

సంతలో పాత సామాను కొనేటప్పుడు ఏం చూడాలో మామ నాకు ఆ రోజు సాయంత్రం చెప్పాడు. ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నా.

మెగ్గర్ అయితే, ముందు ముల్లు స్వేచ్ఛగా ఊగుతోందా చూడాలి. తర్వాత తీగలు తగిలించకుండా పిడి తిప్పితే అనంతానికి పోవాలి. రెండు టెర్మినల్స్‌నీ కలిపి నెమ్మదిగా తిప్పితే సున్నాకి రావాలి. జేబులో ఒక మెగోమ్ రెసిస్టర్ ఉంచుకుంటే మధ్యలో కూడా సరిగ్గా చూపుతోందో తేలిపోతుంది. చాలా రకాల్లో ఒక వేగం దాటాక, సుమారు నిమిషానికి 160 చుట్ల దగ్గర, లోపల క్లచ్ జారుతుంది. ఆ జారుడు చేతికి మెత్తగా తెలియాలి. కటకటమంటే పళ్ళు అరిగాయి. చివరగా టెస్టు తీగలు తగిలించి గాల్లో వేలాడదీసి మళ్ళీ తిప్పాలి. ఇప్పుడు అనంతం కాకుండా ఇరవై మెగోములు చూపిస్తే, మెగ్గర్ మంచిదే, తీగల రబ్బరు పోయింది. తీగలు మార్చుకోవచ్చు. తీగల తప్పుకి మెగ్గర్‌ని వదిలేసేవాళ్ళూ ఉంటారు.

వీట్‌స్టన్ బ్రిడ్జి అయితే ప్లగ్గులన్నీ ఉన్నాయా లెక్కపెట్టుకోవాలి. ఏ ప్లగ్గు ఏ రంధ్రంలో అరిగి కుదిరిందో అందులోనే ఉండాలి. నల్లబడ్డాయి కదా అని గరుకు కాగితంతో రుద్దితే ఇత్తడి అరిగి వదులవుతుంది, కొలతలో తప్పు శాశ్వతంగా చేరుతుంది. పొడిగుడ్డ, కాస్త స్పిరిట్ చాలు. నూరు ఓముల మంచి రెసిస్టర్ ఒకటి కొలిచి చూడాలి. మోసేటప్పుడు గాల్వనోమీటర్ ముల్లుకి తాళం వెయ్యాలి.

లైన్‌మన్ టెస్టుఫోను అయితే త్రాడు ఫోనులోకి దూరే చోట వంచి చూడాలి, సాధారణంగా అక్కడే లోపల తీగ తెగుతుంది. చక్రం ఉన్నదైతే డయల్ సెకనుకి పది తడవలు టకటకమనాలి. 'మానిటర్' అని ఒక స్విచ్ ఉంటుంది. అది వేస్తే కెపాసిటర్ అడ్డుపడి, లైనుని పట్టుకోకుండా వినిపిస్తుంది. ఆ స్విచ్ పాడైతే, వినడానికి తగిలించినప్పుడల్లా ఎవరి మాటో తెంపేస్తాం. సంతలో లైను ఎక్కడిది అంటారా? తొమ్మిది వోల్టుల బ్యాటరీలు ఐదు వరసగా కలిపితే 45 వోల్టులు. ఎక్స్‌ఛేంజి ఇచ్చే 48కి దగ్గర. మధ్యలో ఒక కిలోఓమ్ రెసిస్టర్ పెడితే ఫోను మేలుకుంటుంది.

మల్టీమీటర్ అయితే వెనక మూత తీసి బ్యాటరీ కారిందేమో చూడటం మొదటి పని. పాత అవోమీటర్ ఎప్పుడైనా దొరికితే వదలొద్దన్నాడు. దాని కథ కూడా లైన్ల నుంచి పుట్టిందే. డొనాల్డ్ మెకాడీ బ్రిటిష్ పోస్టాఫీసులో ఇంజనీరు. టెలిఫోన్ సర్క్యూట్ల పనికి ఆంపియర్లకొకటి, వోల్టులకొకటి, ఓములకొకటి మూడు మీటర్లు మోయలేక, మూడూ ఒకే డబ్బాలో పెట్టాడు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. అవో అంటే ఆంప్స్, వోల్ట్స్, ఓమ్స్. ప్రతి ఎలక్ట్రీషియన్ సంచిలో ఉండే మల్టీమీటర్ల వెనక, బరువు మోసి విసిగిన ఒక టెలిఫోన్ మనిషి ఉన్నాడు.

ఇంటికి తెచ్చాక చేసేవి కొన్నే. వాడనప్పుడు బ్యాటరీలు తీసెయ్యాలి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం పడెయ్యాలి. మీటరు అయస్కాంతాన్ని ఎప్పుడూ ఊడదియ్యకూడదు, బలం తగ్గిపోతుంది. కనిపించిన చోటల్లా నూనె పొయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక చివర ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజి, ఇంకో చివర ఫోను ఉన్న లైను మీద మెగ్గర్ తిప్పకూడదు. రెండు వైపులా విడదీసి, పరీక్ష అయ్యాక తీగలో మిగిలిన చార్జిని వదిలించి, అప్పుడు ముట్టుకోవాలి.

*

ఆ చివరి మాట దగ్గర నేను మామని ఆపాను. మరి పాతరోజుల్లో తిప్పేవాళ్ళు కదా?

అసలు సంగతి అక్కడుంది. మామ కంటే ముందు తరం పనిచేసింది స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజీల మీద. అవి ఇనుము, ఇత్తడి, రిలేలు. పొరపాటున పడ్డ వోల్టుల్ని చాలావరకు ఓర్చుకునేవి. 1980లలో ఫ్రెంచి ఈ-10బీ ఎక్స్‌ఛేంజీలు, 1984లో మొదలైన సీ-డాట్ వాళ్ళ డిజిటల్ ఎక్స్‌ఛేంజీలు వచ్చాక లైను చివర సిలికాన్ కూర్చుంది. 500 వోల్టులు దాని ప్రాణం తీస్తాయి. కేబుల్ కూడా మారింది. సీసం తొడుగులో కాగితం చుట్టిన తీగలుండే పాత కేబుల్‌కి చిన్న చిల్లు పడి తడి చేరితే వందల లైన్లు పోయేవి, అందుకే లోపలికి పొడిగాలి ఒత్తిడితో పంపేవాళ్ళు. తర్వాత ప్లాస్టిక్ తొడుగు, మధ్యలో జెల్లీ నింపిన కేబుల్ వచ్చింది. ఇలాంటి కేబుళ్ళు చేసిన హిందుస్థాన్ కేబుల్స్‌కి మన హైదరాబాదులోనూ ఒక ఫ్యాక్టరీ ఉండేది. 1952లో మొదలైన ఆ సంస్థని మూసెయ్యడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది.

ఒకప్పుడు దేశంలో దాదాపు ఐదు కోట్ల ల్యాండ్‌లైన్లు ఉండేవి. మొబైల్ వచ్చాక ఆ సంఖ్య పడిపోయింది, తీగ స్థానంలోకి గాజుపోగు వచ్చింది. గాజుపోగుకి మెగ్గర్ అక్కర్లేదు. అంటే ఈ పరికరాలేవీ అరిగిపోయి సంతకి రాలేదు. అవి ప్రశ్నలు అడగాల్సిన తీగలే లేకుండా పోయాయి. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. గాజుపోగు మంచిదే, నేను ఈ వ్యాసం పంపేది దాని మీదే.

నన్ను ఇబ్బంది పెట్టింది వేరే విషయం. తర్వాతి ఆదివారం నేను పొద్దున్నే ఎర్రగడ్డ వెళ్ళాను. అదే టార్పాలిన్, అదే మనిషి. ఊగే ముల్లు మెగ్గర్ లేదు.

"అదా? కాంటా ఖరాబ్ కదా మేడం. ఎవరూ తీస్కోలే. రాగి, ఇత్తడి తీసి తూకానికేసిన" అన్నాడు.

బాగున్నందుకే దాన్ని పాడైందనుకున్నాం, ఆయనా నేనూ. ఆ టార్పాలిన్‌కి రెండువైపులా ఉన్న ఇద్దరిలో ఒక్కరికి తెలిసి ఉన్నా అది ఇవాళ మామ బల్ల మీద ఉండేది. వస్తువు మూలపడటం వేరు. బాగున్న వస్తువు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి చుట్టుపక్కల లేకపోవడం వేరు. మొదటిది జరిగాక కూడా చాలాకాలం వస్తువు బతుకుతుంది. రెండోది జరిగిన వారంలోనే తూకానికి పోతుంది. 2020 జనవరి 31 సాయంత్రం ఆఫీసుల్లో అప్పజెప్పిన సామానుకి జాబితాలు ఉండే ఉంటాయి. ముల్లు ఊగాలన్న సంగతి ఏ జాబితాలోనూ రాసి ఉండదు. అది ఆ సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

మామకి ఈ సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నేను తెచ్చిన మెగ్గర్‌ని దగ్గరికి లాక్కుని పిడి తిప్పాడు. నిమిషం సేపు తిప్పి ఉంటాడు. "డైనమో మంచిగున్నది. క్లచ్ జారుతున్నది చూడు" అని నా చేత కూడా తిప్పించాడు. నిజమే, ఒక వేగం దాటాక పిడి మెత్తగా జారింది. ముల్లు మాత్రం కదల్లేదు.

బాగుచేసేవాళ్ళు ఎవరైనా దొరుకుతారా అని అడిగాను. వెతుకుదాం అన్నాడు. ఈలోగా, ఆఫీసులో పాడైన సామానుకి కట్టేవాళ్ళట, అలాంటిదే ఒక చీటీ కావాలన్నాడు. చొక్కా డబ్బా అట్ట కత్తిరించి ఇచ్చాను. దాని మీద బాల్‌పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి, తారీఖు వేసి, పిడికి పురికొసతో కట్టాడు.

ముల్లు ఇరికింది. డైనమో మంచిది. పారెయ్యొద్దు. బాగైతే ముల్లు ఊగుతది, అది తప్పు కాదు.